ఇమాం సాబ్ కింద పెట్టిన కప్పు

జెద్దాలో, బలద్ బజారు సందులో ఒక టీ కొట్టు ముందు నిలబడి ఉండగా, మా తబూక్ క్యాంపు వాట్సాప్ గ్రూపులో ఇమాం సాబ్ ఫొటో వచ్చింది. ఆ గ్రూపులో పొద్దున్నే గులాబీ పువ్వులు, శుభాకాంక్షలు, విమానం టికెట్ల గొడవలు తప్ప ఇంకేమీ రావు. పువ్వులు గట్రా లేకుండా ఒక మనిషి పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే వచ్చిందంటే ఆ మనిషి ఇక లేడని అర్థం. ఫొటోలో ఆయన కెమెరా వాణ్ని మందలిస్తున్నట్టు చూస్తున్నారు. రాయచోటిలో, సొంత ఇంట్లో, పొద్దుటి నమాజు చదువుకుని గోడకి ఆనుకుని కూర్చున్నవారు అలాగే వెళ్లిపోయారట.

కళ్లు చెమర్చాయి. చేతిలోని టీ గ్లాసు కొట్టు మెట్టు మీద పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నాను. తుడుచుకున్నాక ఆ గ్లాసు నా కాళ్ల దగ్గర ఉండటం చూసి ఉలిక్కిపడి మళ్లీ చేతిలోకి తీసుకున్నాను, ఎవరైనా పెద్దమనిషి చూసి "నీకేం కావాలి?" అని అడుగుతాడేమోనని. దుఃఖంలో మతి పోయి చేసిన పని కాదిది. ఆయనతో కలిసి బతికినవాళ్లం ఎవరమూ ఇప్పటికీ కప్పుని నిశ్చింతగా కింద పెట్టలేం.

నేను జెద్దా వచ్చింది మీటింగు కోసం. తబూక్ దగ్గర మా కంపెనీ వ్యవసాయ ఫారం చుట్టూ కొత్త కంచె వేస్తున్నారు. నీళ్ల పైపుల ఇంజనీరుని కాబట్టి నన్ను మధ్యాహ్నం హెడ్డాఫీసుకి రమ్మన్నారు. కొత్త డ్రాయింగులో అన్నీ ఉన్నాయి, ఫారం మూల ఉన్న పాత కుళాయి ఒక్కటే లేదు. ఆ కుళాయి కంచె బయట మేకలు కాసుకునే ఒక బెదూ కుటుంబానిది, అంటే ఎడారి సంచార జాతివాళ్లది. దాన్ని వాళ్లకి ఇప్పించింది ఇమాం సాబ్. కుళాయి పోతే ఆ మందకి చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క నీళ్లు లేవు. దాన్ని కాపాడతానని నేను ఆయనకి మాటిచ్చి ఉన్నాను. మాట తీసుకున్న మనిషి సరిగ్గా అదే రోజు పొద్దున వెళ్లిపోవడం ఆయన పద్ధతికి తగ్గట్టే ఉంది. గుర్తు చేయడానికి ఆయన ఎప్పుడూ సమయం చూసుకునేవారు కాదు.

ఇమాం సాబ్ నిజానికి ఇమాం కాదు. బోర్ల మీద డీజిల్ ఇంజన్లు చూసుకునే మెకానిక్కు. చిన్నప్పుడు మదరసాలో కొన్నేళ్లు చదివారు, గొంతు పెద్దది, గడ్డం ఇంకా పెద్దది. క్యాంపులో నమాజుకని ఒక రేకుల గది ఉండేది. అందులో ముందు నిలబడటానికి ఆ మూడు అర్హతలూ చాలని అందరూ తేల్చేశారు. గోరింటాకు పెట్టిన ఎర్ర గడ్డం మీద గ్రీజు మరకలతో, నీలం రంగు కంపెనీ డ్రెస్సులో, ఇంజన్ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, చేతులు కడుక్కుని, అదే ఊపులో నమాజు చదివించేవారు. పై జేబులో పళ్లు తోముకునే మిస్వాక్ పుల్ల, స్క్రూడ్రైవరు పక్కపక్కనే ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన స్క్రూడ్రైవరు నోటి దాకా తీసుకెళ్లడం చూసి చెయ్యి పట్టుకుని ఆపాను నేను. పుల్లతో ఇంజన్ మూత విప్పబోవడం చూసి మాత్రం ఆపలేదు, అంత నవ్వొచ్చింది.

ఆయన అరబ్బీ గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. మేమందరం బజార్లో, వర్కుషాపులో ఏరుకున్న ముక్కలతో బతికేవాళ్లం. ఆయనది మాత్రం మదరసా పుస్తకాల్లో నేర్చుకున్న గ్రాంథిక అరబ్బీ. తబూక్ టౌన్లో గ్యారేజీకి వెళ్లి, మన భాషలో చెప్పాలంటే, "ఓ కర్మశాలాధిపతీ, ఈ యంత్రమునకు ఊపిరి సలుపుట లేదు, దయతో వీక్షింపుము" అనేవారు. గ్యారేజీ వాళ్లు పని ఆపేసి లేచి నిలబడేవాళ్లు. కొందరు ఫోన్లలో రికార్డు చేసుకునేవాళ్లు. ఆయన దాన్ని గౌరవం అనుకునేవారు. నిజంగా కొంత గౌరవం ఉండేది కూడా. మా బండికి ఆ గ్యారేజీలో ఎప్పుడూ మొదటి వరసే.

కోపం కూడా అంతే గ్రాంథికంగా ఉండేది. ఎవరికి ఏ అన్యాయం జరిగినా ముందు ఆయన ఆకలి చచ్చిపోయేది, తర్వాత అవతలివాళ్ల ప్రశాంతత. బెంగాలీ కుర్రాడికి సెలవు ఇవ్వకపోయినా, కొత్తగా వచ్చినవాళ్లకి విరిగిన మంచం ఇచ్చినా, మెస్‌లో పప్పు నీళ్లలా ఉన్నా ఆయన మేనేజరు గది ముందు నిలబడేవారు. మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే కిటికీలోంచి ఎర్ర గడ్డం కనిపించగానే ఫోను చెవికి పెట్టుకునేవాడు. అటువైపు ఎవరూ లేరని మా అందరికీ తెలుసు.

బెదూ ముసలాయన ఈ కథలోకి వచ్చింది ఒక మేక వల్ల. ఆయన మంద మా కంచె బయట తిరిగేది. ఒక మధ్యాహ్నం నమాజుకని మా రేకుల గదిలోకి వచ్చి వరసలో నిలబడ్డాడు. మేకలు బయట ఆగాయి, ఒకటి తప్ప. అందరూ వంగి ఉన్నప్పుడు అది తాపీగా లోపలికొచ్చి, ముందు వరసకి వెళ్లి, ఇమాం సాబ్ చాప అంచు నమలడం మొదలుపెట్టింది. నమాజు మధ్యలో మాట్లాడకూడదు. ఆయన గొంతు మాత్రం ప్రతి వాక్యానికీ హెచ్చుతోంది. నేను బయట చెప్పులు వదిలే చోట నీడలో కూర్చుని ఇదంతా చూస్తున్నాను. నమాజు అయ్యేసరికి మేక చాపలో జానెడు తినేసింది. ముసలాయన సిగ్గుతో తన భుజం మీది గుడ్డ తీసి నష్టపరిహారంగా ఇవ్వబోయాడు. ఇమాం సాబ్ ఆ గుడ్డని ఆయన భుజం మీదే మళ్లీ వేసి, ఆ మేక ఎందుకంత ఆకలిగా ఉందని అడిగారు.

ఆకలి కాదు, దాహం అన్నాడు ముసలాయన. ఫారం రాకముందు అక్కడ వాళ్ల తాతలు తవ్వుకున్న బావి ఉండేదట. ఫారం వచ్చాక బావి మా కంచె లోపలికి వచ్చేసింది, కొన్నాళ్లకి పూడిపోయింది. దాని బదులు కంచె మూల ఒక కుళాయి పెట్టుకోనిచ్చారు. మొన్న మేకలు కంచె సందులోంచి దూరి బర్సీం గడ్డి మేసేసరికి మేనేజరు ఆ కుళాయి కట్టేయించాడు. మేకల తప్పు లేదని నేను అనను. ఒక మేక మా పొలంలో నీళ్లు చల్లుతూ గుండ్రంగా తిరిగే పివోట్ చక్రం పక్కన కమ్మీ మీదెక్కి, అది తిరిగినంత మేరా దొరలా షికారు చేయడం నేను కళ్లారా చూశాను.

ఆ సాయంత్రం ఇమాం సాబ్ నా గదికి వచ్చారు. ఉడికిపోతున్నారు.

"ఏంది సార్ ఇది? మనం నిన్న వచ్చినోళ్లం. వాళ్లు ముందునించీ ఈడ ఉండారు. నిన్నొచ్చినోడు ముందున్నోడికి నీళ్లు ఆపేస్తే వాడు యాడికి పోవాల?"

మనమేం ఆపలేదు కదా, మనం జీతగాళ్లం అన్నాను. ఆయన నన్ను పాస్‌పోర్టు ఫొటోలోలాగే చూశారు. "ఆ పైపు బిగిచ్చింది ఎవురు సార్? మన మనుసులే గదా" అన్నారు. నేను మాట మార్చి టీ ఇచ్చాను. అప్పటికింకా ఆయన ఇచ్చిన టీ ఇచ్చినట్టే తాగేవారు.

మేనేజరుతో ఆయన వాదన క్యాంపంతా విన్నది. రాయలసీమలో రైతులు గొర్రెలవాళ్లని పిలిచి, బతిమాలి, పొలంలో మంద కట్టించుకుంటారు, ఎరువు కోసం. గొర్రెలవాళ్లకి బియ్యం పెడతారు. ఆయన ఆ లెక్క ప్రకారం వాదించారు. మేకలు మన బర్సీం మేశాయి నిజమే, బదులుగా ఎరువు వేసి వెళ్లాయి, కాబట్టి కంపెనీయే మేకలకి బాకీ అన్నారు. "ఓ నిర్వాహకుడా, ఇచ్చట పతితమైన పెంటికలను నీవు లెక్కించితివా?" అని నిండు ఆఫీసులో అడిగారు. మేనేజరు ఫోను చెవికి పెట్టుకున్నాడు. మంద అప్పటికే బక్కచిక్కుతోంది. ముసలాయన కొడుకు పాత పికప్‌లో ఎక్కడినుంచో పీపాల్లో నీళ్లు మోసుకొస్తున్నాడు. ఎండలు మొదలయ్యాక అలా కుదరదు, మందని అమ్మేసి టౌనుకి పోవాల్సిందేనని ముసలాయన అనేవాడు. ఆ మాట అంటూ ఒక్కో మేకనీ పేరు పెట్టి పిలిచేవాడు.

చలికాలంలో మా కఫీల్ ఫారానికి వచ్చేవారు. కఫీల్ అంటే మా వీసాలన్నిటికీ పూచీ ఉన్న యజమాని, అప్పటికే పెద్దాయన. పొలం మధ్య డేరా వేయించి, తివాచీలు పరిపించి, పొద్దున్నే అందరినీ గహ్వాకి పిలిచేవారు. గహ్వా అంటే యాలకులు వేసిన పల్చటి అరబ్ కాఫీ. గుక్కెడు పట్టే పిడి లేని బుల్లి కప్పులో పోస్తారు. చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. వచ్చిన కొత్తలో ఆ సంగతి తెలియక, వద్దంటే బాగోదని నేను తాగుతూనే కూర్చున్నాను. పోసేవాడి చెయ్యి నొప్పి పుట్టేదాకా తాగాను. ఆ రోజు నాకు గుండె దడ ఎందుకొచ్చిందో కంపెనీ డాక్టరుకి అంతుపట్టలేదు.

ఆ ఏడాది డేరాలో కఫీల్ మధ్యలో కూర్చున్నారు. ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క ఇరుగుపొరుగు హోదాలో బెదూ ముసలాయన. వాళ్లకి ఎదురుగా నేను, నా పక్కన దువా ప్రార్థన చేయడానికి పిలిపించిన ఇమాం సాబ్. ఆ రోజు సోమవారం. సోమవారాలు ఇమాం సాబ్ సొంతంగా ఉపవాసం ఉంటారు. చెప్పుకుంటే పుణ్యం పోతుందని ఎవరికీ చెప్పరు. అయినా క్యాంపులో అందరికీ తెలుసు, సోమవారం ఆయన కోపం పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి. గహ్వా వచ్చింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని ఆయన కప్పు మర్యాదగా అందుకుని, అంతే మర్యాదగా తన ముందు తివాచీ మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మాకిద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ దేశంలో అతిథి గహ్వా తాగకుండా కప్పు కింద పెట్టాడంటే, నాదొక మనవి ఉంది, అది తీర్చేదాకా తాగను అని అర్థం. అతిథి తాగకుండా లేచిపోతే ఇంటివాడికి అంతకుమించిన తలవంపు ఉండదు.

పోసేవాడు కూజా పట్టుకుని కొయ్యబారిపోయాడు. బెదూ ముసలాయన మెడ చాచి ఆ కప్పుని చూశాడు. కఫీల్ తన కప్పు పక్కకి పెట్టి, నిటారుగా కూర్చుని, "చెప్పు షేక్, నీకేం కావాలి?" అన్నారు.

ఇమాం సాబ్ తెల్లబోయారు. అంత పెద్ద మనిషి అడక్కుండానే ఏం కావాలని అడగడం ఆయన జీవితంలో మొదటిసారి. కానీ గొంతు దగ్గర నెలల తరబడి ఆగి ఉన్న మాట అడ్డు తొలగగానే బయటపడింది. "ఓ క్షేత్రాధిపతీ, ఇచ్చట మనకు పూర్వమే నివసించిన ఈ వృద్ధుని మందకు మూల యందలి కుళాయి కట్టివేయబడినది" అని మొదలుపెట్టి బావి దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. కఫీల్ ముసలాయన వైపు చూశారు, తర్వాత మేనేజరు వైపు. మేనేజరు చెయ్యి ఫోను కోసం జేబులోకి వెళ్లి, ఇది సమయం కాదని తిరిగొచ్చింది.

"కుళాయి ఇచ్చాను. తాగు" అన్నారు కఫీల్.

ఉపవాసం కదా, ఎలా తాగుతారు. ఇమాం సాబ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. కప్పు అక్కడే ఉంది. కఫీల్ కనుబొమలు పైకి లేచాయి. ఇంకా ఏమైనా ఉందా అని అడిగారు.

ఉందన్నారు ఇమాం సాబ్. కుళాయి దాకా మేకలు రావడానికి కంచె పొడుగునా దారి కావాలి. ఇచ్చాను, తాగు. తాగలేదు. ఇంకా ఏం కావాలి? ఎండలో మేకలకి నీడగా ఒక రేకుల పందిరి. ఇచ్చాను. కప్పు కదల్లేదు. ఇప్పుడు అందరూ కఫీల్ని కాదు, కప్పుని చూస్తున్నారు. ఇమాం సాబ్ నా వైపు వంగి తెలుగులో గుసగుసగా అన్నారు.

"సార్, నాయన్నీ అయిపాయె. ఇంగేమన్నా ఉంటే చెప్పు, బిరీన."

తబూక్‌లో చలికాలం స్నానం చేయడమంటే ఏడుపొచ్చేది. నేను గీజర్లు అన్నాను. "స్నానశాలల యందు ఉష్ణోదక యంత్రములు" అని ఆయన విన్నవించారు. ఇచ్చాను అన్నారు కఫీల్, ఈసారి కొంచెం నీరసంగా. కప్పు అలాగే ఉంది. ఆ పెద్దాయన నుదుటి మీద చెమట పట్టడం చూశాను, ఆ చలిలో.

"షేక్, ఇక మిగిలింది ఈ ఫారం. అది కూడా తీసుకుంటావా?"

అప్పుడు తప్పక, తల దించుకుని, పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ ఇమాం సాబ్ చెప్పారు, తాను ఉపవాసంలో ఉన్నానని.

ముందు బెదూ ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు, పళ్లు లేని నోటితో, తొడ మీద కొట్టుకుంటూ. నవ్వీ నవ్వీ కఫీల్ తల గుడ్డ జారిపోయింది. పోసేవాడు నవ్వాపుకోలేక మేనేజరు ఒళ్లో గహ్వా ఒలకబోశాడు. చివరికి కఫీల్ ముందుకు వంగి, తివాచీ మీది ఆ చల్లారిన కప్పు అందుకుని, అతని బదులు నేను తాగుతున్నాను, ఇచ్చినవేవీ వెనక్కి తీసుకోను అని చెప్పి తాగేశారు. నాకు ఆ క్షణం ఆయన మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

క్యాంపుకి నడుస్తూ వస్తుంటే బెదూ ముసలాయన మాకు ఆ ఆచారం సంగతి విడమరిచి చెప్పాడు. ఆయన తన మేకల వైపు వెళ్లిపోయాక నాకొక అనుమానం వచ్చింది. సొంతంగా ఉండే ఉపవాసం అయితే, ఇంటివాడి మర్యాద కోసం మధ్యలో విడవొచ్చని క్యాంపులో ఎవరో అనగా విన్నాను. నిజమేనా అని ఇమాం సాబ్‌ని అడిగాను.

"నిజమే సార్. నాకు తెలీదా?"

మరి మొదట్లోనే తాగెయ్యొచ్చు కదా అన్నాను.

"మొదట ఏమీ తెలీదు. కుళాయిచ్చి, తాగకపోతే మళ్లా ఏం గావాలన్నాడు చూడు, అప్పుడు అర్థమాయె. ఆడ తాగేసింటే దారి ఎవురిస్తారు సార్?"

నేను నడవడం ఆపేసి నవ్వుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. కడుపు కాలుతోంది, ఇంకా పొద్దు ఎంతుందని అడిగారు.

ఆ తర్వాత మాకెవరికీ మనశ్శాంతి లేదు. ఆయనకి కొత్త ఆయుధం దొరికింది. ఎవరి గదికి వచ్చినా, టీ ఇవ్వగానే కప్పుని నేల మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకునేవారు. మనం చూడనట్టు నటిస్తే ఆయన టీ మీద మీగడ కట్టడం చూస్తూ ఓపిగ్గా కూర్చునేవారు. మెస్ నడిపే మలయాళీ కాకా ఆయనకి టీ ఇవ్వడం మానేస్తే, ఆయన సొంత ఫ్లాస్కు తెచ్చుకుని, టీ పోసుకుని, కాకా ముందే కింద పెట్టుకున్నారు. పప్పు చిక్కబడింది. విరిగిన మంచాలు మారాయి. పాకిస్తానీ ఫోర్‌మన్ గదిలో బల్ల మీద తప్ప కప్పు పెట్టే చోటు లేకుండా నేలంతా సామాన్లు సర్దుకున్నాడు. ఇమాం సాబ్ కప్పుని ఫోర్‌మన్ బూటు మీద పెట్టారు. కప్పు ఒలుకుతుందని ఆ మనిషి కాలు కదపలేకపోయాడు. బెంగాలీ కుర్రాడికి సెలవు దొరికింది.

చూస్తూ ఉండగా నాకు ఒకటి తట్టింది. ఆయన తన కోసం ఎప్పుడూ కప్పు కింద పెట్టలేదు. తన సెలవు వాయిదా పడ్డప్పుడు కూడా నా గదికి వచ్చి, టీ వేడివేడిగా తాగేసి, చక్కెర తక్కువైందని అలిగి వెళ్లారు. ఆయనకి షుగరు జబ్బు. చక్కెర తగ్గించమని ఇంటినుంచి ఆయన బేగం నాకే ఫోను చేసి చెప్పింది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మా హైస్కూల్లో చరిత్ర మాస్టారు చెప్పిన ఒక పాదిరీ కథ ఆయనకి చెప్పానొకసారి. పూర్వం తెల్లవాళ్లు ఓడలెక్కి వెళ్లి ఎవరిదో దేశం ఆక్రమించుకుని, అక్కడి వాళ్లని వెట్టికి తోలుతుంటే, వాళ్లతో పాటు వెళ్లిన పాదిరీయే అడ్డం తిరిగాడట. ఈ నేల వీళ్లది, వీళ్లూ మనుషులే అని వాదించి, మళ్లీ ఓడెక్కి రాజు దగ్గరికే వెళ్లి ముసలితనం దాకా పోట్లాడుతూనే ఉన్నాడట. తనవాళ్లకి ఆయన పేరు వింటేనే తలనొప్పిగా ఉండేదని మాస్టారు చెప్పేవారు. ఇంజన్ తుడుస్తున్న ఇమాం సాబ్ చెయ్యి ఆగింది. రాజు విన్నాడా అని అడిగారు. విన్నాడు, చట్టాలు కూడా చేశాడు, కానీ అక్కడ పెద్దగా ఏమీ జరగలేదు అన్నాను.

"రాజు ఇంట్లో ఏమన్నా తాగినాడా ఆయప్ప?"

ఆ సంగతి మాస్టారు చెప్పలేదన్నాను.

"తాగేసింటాడు సార్. అందుకే పని కాలా" అని నిట్టూర్చి, మళ్లీ ఇంజన్ తుడవడంలో పడ్డారు. ఆ పాదిరీ పట్ల ఆయనకి నిజంగా జాలి కలిగింది. తర్వాత కూడా అప్పుడప్పుడు, మంచోడే పాపం, ఎవరూ చెప్పేవాళ్లు లేకపోయిరి అని అనుకునేవారు.

చూపు మందగించాక ఆయన ఫైనల్ ఎగ్జిట్ తీసుకున్నారు, అంటే ఉద్యోగం వదిలి శాశ్వతంగా ఇంటికి. బయలుదేరే రోజు మధ్యాహ్నం నా గదికి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు, జేబులో మిస్వాక్ ఒక్కటే ఉంది. స్క్రూడ్రైవరు లేని ఆ జేబు చూస్తే నాకు బెంగగా అనిపించింది. టీ ఇచ్చాను. ఆయన కప్పుని నేల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

ఇన్నేళ్లలో ఆయన తన కోసం నన్ను ఏమీ అడగలేదు, పాపం ఇప్పుడేదో అడుగుతారనుకున్నాను. ఏం కావాలన్నా చేస్తానన్నాను.

"ఆ కుళాయి సార్. పెద్దాయన ఇచ్చినాడు గానీ, పెద్దాయన ఎంత కాలం ఉంటాడు? కాయితాల్లో ల్యాకపోతే రేపొచ్చినోడు పీకేస్తాడు. నువ్వు కనిపెట్టుకోని ఉండాల."

నేను చూసుకుంటానన్నాను. ఆయన కదల్లేదు. అల్లా మీద కాదు, నీ పిల్లల మీద కాదు, ఊరికే గట్టిగా చెప్పు చాలన్నారు. గట్టిగా చెప్పాను. అప్పుడు కప్పు తీసి, ఒక గుక్కలో తాగి, మూతి తుడుచుకున్నారు.

"చక్కెర తక్కువాయె" అన్నారు.

అదే నేను ఆయన నోటినుంచి విన్న ఆఖరి ఫిర్యాదు. బలద్ సందులో నిలబడి అదంతా తలుచుకుంటూ ఉంటే టీ చల్లారింది. మీటింగు వేళయింది.

హెడ్డాఫీసు అద్దాల మేడ. పెద్దాయన మంచం పట్టాక వ్యవహారాలు చూస్తున్నది ఆయన కొడుకు, విదేశాల్లో చదువుకుని వచ్చిన యువకుడు. మర్యాదస్థుడు, చురుకైనవాడు, అన్నీ ఇంగ్లీషులోనే. గోడంత తెర మీద ఫారం మ్యాపు పెట్టి కొత్త కంచె, సెన్సర్లు, కెమెరాలు చూపించాడు. కుళాయి ఉండాల్సిన మూల తెల్లగా ఉంది. నాకు మెషీన్ కాఫీ కాగితం కప్పులో తెప్పించాడు. నేను కుళాయి సంగతి ఎత్తాను. అవన్నీ పాత కాలపు ఏర్పాట్లు, కొత్త డిజైనులో వాటికి చోటు లేదని మృదువుగా చెప్పి తర్వాతి బొమ్మకి వెళ్లిపోయాడు.

పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. అలవాటుగా కప్పు నోటి దాకా వచ్చింది. తాగేసింటాడు సార్, అందుకే పని కాలా. ఆ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. వంగి, కప్పుని నా బూటు పక్కన తివాచీ మీద పెట్టాను. ఆ తివాచీ లేత గోధుమరంగుది, ఖరీదైనది. ఒలికితే నా ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుందని తెలుసు. కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

ఆ యువకుడు చూశాడు. కాఫీ నచ్చలేదేమో అనుకుని నొచ్చుకుని, సారీ చెప్పి, నురగ తేలే వేరే కాఫీ తెప్పించాడు. దాన్ని కూడా అందుకుని, మొదటి కప్పు పక్కన పెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. యాభై దాటిన తెనాలి మనిషిని, టై కట్టుకుని, కాళ్ల దగ్గర రెండు కప్పులతో అలా కూర్చున్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా కదల్లేదు.

ఆ యువకుడు తెర మీద ఏదో చెబుతూ చెబుతూ ఆగాడు. కప్పుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేతిలో రిమోటు మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఈసారి అరబ్బీలో మాట్లాడాడు.

"మా నాన్న చెప్పే కథలో ఉపవాసం ఉన్న మనిషివి నువ్వేనా?"

కాదన్నాను. ఆయన పక్కన కూర్చున్నవాణ్ని అన్నాను. ఆయన ఈ పొద్దున్నే పోయారని చెప్పాను. ఆ యువకుడు తల వంచి, పెదాల్లోనే ప్రార్థన మాటలు అనుకున్నాడు. తెర ఆపేశాడు. కుర్చీ లాక్కుని నాకెదురుగా, కప్పులకి అటువైపు నిటారుగా కూర్చున్నాడు. అచ్చం తండ్రిలాగే ఉన్నాడు.

"చెప్పు, నీకేం కావాలి?"

కుళాయి అన్నాను. కొత్త డ్రాయింగులో ఉండాలి, తీసేయడానికి వీల్లేకుండా ఉండాలి.

"ఉంటుంది. తాగు."

మొదటి కప్పు ఎత్తి తాగేశాను. చల్లగా, చేదుగా ఉంది. నేను లేవబోతుంటే ఆయన వేలుతో రెండో కప్పు చూపించాడు.

"మరి ఇది దేనికి?"

దాని సంగతే ఆలోచించలేదు నేను. అది ఆయన తెప్పించాడు, నేను పెట్టాను, అంతే. ఒక్క క్షణం పక్కకి వంగి, ఇంకేమన్నా ఉందా అని అడగబోయి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"దారి" అన్నాను. "కుళాయి దాకా మేకలు రావడానికి కంచె పొడుగునా దారి."

దారి ఇచ్చాను అన్నాడు. రెండో కప్పు కూడా తాగాను. అందులోనూ చక్కెర లేదు.